సాయంత్రం అయిదు తర్వాత

1907 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ సివిల్ సర్వీస్ పరీక్ష జరిగింది. బ్రిటిష్ ఇండియా ఖజానా లెక్కలు చూసే అధికారులను ఎంపిక చేసే పరీక్ష అది. మొదటి స్థానం తెచ్చుకున్న కుర్రాడికి అప్పటికి పద్దెనిమిదేళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ఎం.ఏ. అప్పుడే ముగించాడు. అంతకు మూడు నెలల ముందు, 1906 నవంబరులో, లండన్ నుంచి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అతని మొదటి పరిశోధన వ్యాసం అచ్చయింది. దాని మీద ఏ ప్రొఫెసరు పేరూ లేదు, అతనొక్కడి పేరే ఉంది. అలాంటివాడు పోయి పోయి జమాఖర్చుల ఉద్యోగానికి ఎందుకు పోటీ పడ్డాడు?

కారణం చాలా మామూలుది. సైన్సు చదివినవాడు సైన్సుతోనే బతికే దారి ఆ రోజుల్లో ఈ దేశంలో దాదాపు లేదు. పైకి రావాలంటే ఇంగ్లండ్ వెళ్లాలి. మద్రాసు సివిల్ సర్జన్ అతన్ని పరీక్షించి, ఈ బక్కపలచని ఒళ్లు అక్కడి చలికి తట్టుకోదని తేల్చేశాడు. ఐ.సి.ఎస్. రాయాలన్నా ఇంగ్లండే వెళ్లాలి. ఇక్కడే ఉండి రాయగలిగిన పెద్ద ఉద్యోగం ఫైనాన్సు శాఖది. అన్న సుబ్రహ్మణ్య అయ్యర్ అప్పటికే ఆ శాఖలో ఉన్నాడు. తమ్ముడూ రాశాడు.

ఆ తమ్ముడే చంద్రశేఖర వెంకట రామన్. పుట్టింది తిరుచినాపల్లిలోనైనా పెరిగిందీ అక్షరాలు దిద్దిందీ మన విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో ఎ.వి.ఎన్. కాలేజీకి లెక్కలూ ఫిజిక్సూ చెప్పడానికి వచ్చారు. ఆయనకు వయొలిన్ అంటే ప్రాణం. కొడుకు సెయింట్ అలోషియస్ స్కూల్లో పదకొండేళ్లకే మెట్రిక్ గట్టెక్కి, తండ్రి పనిచేసే కాలేజీలోనే ఎఫ్.ఏ. చదివి, ఆ తర్వాత మద్రాసు వెళ్లాడు.

1907 మే నెలలో లోకసుందరితో పెళ్లి. జూన్‌లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరిక. మంచి జీతం, మంచి హోదా, ఇంటివాడయ్యాడు. మామూలుగా అయితే కథ ఇక్కడితో సుఖాంతం. సైన్సు ఒక చదువుకున్న జ్ఞాపకంగా, పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు పనికొచ్చే విద్యగా మిగిలిపోవాలి. ఎంతోమంది విషయంలో అలాగే జరిగింది.

కలకత్తాలో కాపురం బౌబజార్ వీధికి దగ్గర్లో, స్కాట్స్ లేన్‌లో. ఆఫీసుకు ట్రాములో రాకపోకలు. ఒకరోజు ట్రాములో వెళుతుండగా బౌబజార్ వీధి 210వ నంబరు భవనం మీద ఒక బోర్డు రామన్ కంట పడింది: ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. దిగి వెళ్లి తలుపు తట్టారు. తీసినవాడు ఆశుతోష్ డే, అందరూ పిలిచే పేరు ఆశుబాబు. ఆయన లోపలికి తీసుకెళ్లి గౌరవ కార్యదర్శి అమృతలాల్ సర్కార్‌కు పరిచయం చేశాడు. ఇక్కడ నేను ఖాళీ వేళల్లో పరిశోధన చేసుకోవచ్చా అన్నది రామన్ అడిగిన సంగతి. అమృతలాల్ సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ సంతోషం ఎంతటిదో తెలియాలంటే ఆ భవనం గతం కొంచెం చెప్పుకోవాలి.

ఆ సంస్థను కట్టినవారు డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్. కలకత్తా మెడికల్ కాలేజీలో ఎం.డి. చేసి, తర్వాత హోమియోపతికి మారి, తోటి డాక్టర్ల వెలివేతను భరించిన మనిషి. చివరి రోజుల్లో రామకృష్ణ పరమహంసకు వైద్యం చేసింది కూడా ఆయనే. భారతీయులు తమ డబ్బుతో, తమ చేతులతో సైన్సు చేసే చోటు ఒకటి ఉండాలని ఊరంతా తిరిగి చందాలు పోగుచేశారు. 1876 జులై 29న సంస్థ మొదలైంది. ఉపన్యాసాలు జరిగాయి. భవనం లేచింది. పరికరాలు వచ్చాయి. రానిది పరిశోధకులే. ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి వెళ్లేవాళ్లే తప్ప, చొక్కా చేతులు మడిచి ప్రయోగం చేస్తానంటూ ముందుకొచ్చినవాడు లేడు. ఆ దిగులు మోసుకుంటూనే 1904లో ఆయన పోయారు. మూడేళ్ల తర్వాత ఒక ఖజానా అధికారి, పగలంతా గవర్నమెంటు లెక్కలు చూసి, పొద్దుపోయాక వచ్చి తలుపు తట్టాడు. ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఈ ఘట్టమే. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన గదులు అవి.

ఆ రోజుల దినచర్యను లోకసుందరి తర్వాతి కాలంలో చెప్పారు. తెల్లవారి అయిదున్నరకల్లా అసోసియేషన్‌కు వెళ్లిపోయేవారు. పావు తక్కువ పదికి ఇంటికి వచ్చి, స్నానం చేసి, నాలుగు మెతుకులు గబగబా మింగి, ఆలస్యమవుతుందని టాక్సీలో ఆఫీసుకు పరుగు. సాయంత్రం అయిదుకు ఆఫీసు నుంచి నేరుగా మళ్లీ అసోసియేషన్. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పది. ఆదివారం పూర్తిగా అక్కడే. ఇలా పదేళ్లు, మధ్యలో బదిలీలు పోగా.

ఈ లెక్కను అటువైపు నుంచి కూడా చూడాలి. ఆ పదేళ్లూ ఆయన ఆఫీసు పనిని తేలిగ్గా తీసుకున్నవారు కాదు. ఫైనాన్సు శాఖ ఆయన్ను తన గట్టి అధికారుల్లో ఒకరిగా చూసింది, వదులుకోవడానికి ఇష్టపడలేదు. మనసు వేరే చోట ఉన్నవాడు చేతిలో పనిని పాడుచేస్తాడని మనవాళ్లలో ఒక అనుమానం ఉంది. రామన్ విషయంలో అది నిజం కాలేదు. పదింటి నుంచి అయిదింటి దాకా లెక్కలు, మిగతాదంతా తీగలూ ధ్వనులూ. రెండింటికీ మధ్య గోడ ఉంది, ఆ గోడను రెండువైపులా ఆయన గౌరవించారు.

ఆ వేళల్లో చేసిందేమిటి? ముఖ్యంగా ధ్వని. ఇందులో మంచి ఉపాయం ఉందనిపిస్తుంది నాకు. కొన్ని గంటలు మాత్రమే చేతిలో ఉన్నవాడు, ఖరీదైన యంత్రాలు లేనివాడు, ఒక తీగ, ఒక ట్యూనింగ్ ఫోర్క్, ఒక ఫోటో ప్లేటుతో సాగే ప్రశ్నలను ఎంచుకున్నాడు. 1909లో నేచర్ పత్రికలో వచ్చిన చిన్న వ్యాసాన్నే తీసుకోండి. బిగించిన తీగను ఒక కొసన ఊపుతూ ఉంటే అది ముక్కలు ముక్కలుగా కంపిస్తుంది. ముక్కకూ ముక్కకూ నడుమ కదలకుండా కనిపించే చోట్లను అస్పందన స్థానాలు అంటారు. అక్కడ చలనం సున్నా అని పుస్తకం చెబుతుంది, పిల్లలు బట్టీ పడతారు. రామన్ అక్కడే ఆగి చూశారు. ఊపుతున్నది ఈ కొసన కదా, మరి అవతలి ముక్కకు శక్తి ఎలా చేరుతోంది? ఈ బిందువును దాటుకునే వెళ్లాలి. బిందువు నిజంగా బిగుసుకుపోయి ఉంటే ఏమీ దాటదు. కాబట్టి అక్కడ కూడా సన్నని కదలిక ఉండి తీరాలి. ఉంది కూడా. ప్రయోగంలో దాన్ని పట్టి చూపించారు. బెంగాలీ బైరాగుల చేతిలో ఉండే ఏక్‌తారా మీద వ్యాసం కూడా ఆ ఏడాదిదే. తర్వాతి ఏళ్లలో వయొలిన్, ఇంకా తర్వాత వీణ, తంబూరా, మృదంగం. మృదంగం మూత మధ్య నల్లటి పూత ఎందుకు ఉందో, అది చర్మపు మోతను శ్రుతిగా ఎలా మారుస్తుందో భౌతికశాస్త్రం మాటల్లో చెప్పింది ఆయనే. 1912లో కర్జన్ పరిశోధన బహుమతి, 1913లో వుడ్‌బర్న్ పతకం వచ్చాయి. ఇవన్నీ ఫైనాన్సు శాఖ ఉద్యోగికి వచ్చినవి.

బదిలీలు మాత్రం దెబ్బే. 1909లో రంగూన్, 1910లో నాగపూర్. నాగపూర్‌లో ఇంట్లో ఒక గదినే ప్రయోగశాలగా మార్చుకున్నారు. ఈ బదిలీల కాలంలోనే తండ్రి పోయారు. ఆరు నెలలు సెలవు పెట్టి మద్రాసు వెళ్లి, అప్పుడు కూడా ప్రెసిడెన్సీ కాలేజీ లాబొరేటరీలో పని చేశారు. 1911లో మళ్లీ కలకత్తా. ఉద్యోగం అన్నం పెడుతుంది, కానీ ఎక్కడ కూర్చుని తినాలో కూడా అదే చెబుతుంది.

ఇప్పుడు కాలేజీ వేదికల మీద, కెరీర్ గైడెన్స్ సభల్లో పిల్లలకు పదేపదే వినబడే మాట ఒకటుంది: మీ ప్యాషన్ ఏమిటో కనుక్కోండి, అదే ఉద్యోగం చేసుకోండి. మాట మంచిదే. అది విన్న ఇరవై ఏళ్ల పిల్లవాడి మీద పడే బరువే మంచిది కాదు. ప్యాషన్ ఏమిటో తెలియనివాడు తనలో ఏదో లోపం ఉందనుకుంటాడు. తెలిసినవాడు, దానికి జీతమిచ్చేవాడు దొరక్కపోతే జీవితం ఓడిపోయిందనుకుంటాడు. ఇంటికి డబ్బు పంపాల్సినవాడి సంగతి ఆ సభల్లో రానే రాదు. హైదరాబాదులో కోడ్ రాసుకుంటూ, ఇంట్లో వయొలిన్ పెట్టెను అటక మీద పెట్టేసిన ఎందరో పిల్లలు నాకు తెలుసు. వాళ్లను మోసం చేసింది ఆ ఉద్యోగం అని నేను అనుకోను. ఉద్యోగం ఇష్టమైనది కాకపోతే ఇష్టానికి ఇక చోటే లేదని నమ్మించిన మాట మోసం చేసింది.

తెలుగు సాహిత్యం ఎంతవరకు ఉద్యోగాల పక్కన పుట్టిందో చూడండి. గాలివాన కథ రాసిన పాలగుమ్మి పద్మరాజు కాకినాడ పి.ఆర్. కాలేజీలో సైన్సు చెప్పేవారు. రావిశాస్త్రి విశాఖ కోర్టుల్లో ప్లీడరు. ఆ కోర్టు లేకపోతే ఆ కథలే లేవు.

అయితే ఉద్యోగం పక్కన ఇష్టం అనే ఈ సూత్రం అందరికీ సరిపోదు. రామన్ కలకత్తాలో లెక్కలు చూస్తున్న కాలంలోనే, 1912 మార్చిలో, మద్రాసు పోర్ట్ ట్రస్టు అకౌంట్స్ విభాగంలో ఇంకొక యువకుడు నెలకు ముప్పై రూపాయల గుమాస్తాగా చేరాడు. శ్రీనివాస రామానుజన్. 1913 జనవరిలో ఇంగ్లండ్‌లోని గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలో తనను తాను ఆ గుమాస్తాగానే పరిచయం చేసుకున్నాడు. పై అధికారులు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్, నారాయణ అయ్యర్ మంచి మనసుతో ఆదుకున్నారు. అయినా ఆ మేధకు సాయంత్రాలు చాలవు. మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు డెబ్బై అయిదు రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చి అతన్ని గుమాస్తాగిరీ నుంచి విడిపించింది. అది చాలా అవసరమైన పని. కొందరికి ఇష్టమే పూర్తికాలపు పని కావాలి, లేకపోతే వాళ్లు మిగలరు. వాళ్లను గుర్తించి జీతమివ్వడం సమాజం బాధ్యత. కానీ వాళ్లను చూపించి మిగతా అందరూ అలాగే ఉండాలనడం న్యాయం కాదు.

రామన్ కూడా చివరికి ఉద్యోగం వదిలారు. కలకత్తా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ ఆశుతోష్ ముఖర్జీ, సర్ తారక్‌నాథ్ పాలిత్ ఇచ్చిన విరాళంతో ఏర్పడ్డ ఫిజిక్స్ పీఠాన్ని 1914లోనే ఆయనకు ఇవ్వజూపారు. ఆ పీఠం తీసుకునేవారు విదేశాల్లో శిక్షణ పొంది ఉండాలని షరతు. నేర్చుకోవడానికి నేను వెళ్లను అన్నారు రామన్. షరతు తీసేశారు. 1917 జులైలో చేరారు, జీతం సుమారు సగానికి పడిపోయింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పదేళ్లు మంచి జీతం తీసుకున్నవాడు, పదేళ్లలో తన పని విలువ ఏమిటో రుజువు చేసుకున్నవాడు సగం జీతానికి దిగగలిగాడు. ధైర్యం ఉంది, కాదనను. ఆ ధైర్యానికి నిలబడే నేలను ఫైనాన్సు శాఖ ఇచ్చింది.

ప్రొఫెసరు అయ్యాక కూడా పరిశోధన మాత్రం 210 బౌబజార్ వీధిలోనే. 1919లో అమృతలాల్ పోయాక గౌరవ కార్యదర్శి బాధ్యత కూడా ఆయన మీదే పడింది.

1921లో ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వవిద్యాలయాల మహాసభకు వెళ్లారు. శిక్షణకు కాదు, ప్రతినిధిగా. తిరిగి వస్తూ నర్కుండా ఓడ మీద మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశారు. ఆకాశం ప్రతిబింబించడం వల్లే సముద్రం నీలమని అప్పటి నమ్మకం. పైనుంచి వచ్చే ఆ ప్రతిబింబపు మెరుపును నికోల్ పట్టకంతో అడ్డుకుని చూస్తే నీలం తగ్గలేదు, ఇంకా చిక్కబడింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయన్నమాట. ఓడ బొంబాయి రేవు చేరేసరికి నేచర్ పత్రికకు ఉత్తరం సిద్ధం.

అక్కడి నుంచి ఏడేళ్లు అదే వేట. 1923లో శిష్యుడు కె.ఆర్. రామనాథన్ నీటిలో చెదిరిన కాంతి వెంట ఒక బలహీనమైన వేరే వెలుగును చూశారు. మలినాల వల్లేమో అనుకున్నారు. ద్రవాన్ని ఎంత శుభ్రం చేసినా అది పోలేదు. 1928 ఆరంభంలో కె.ఎస్. కృష్ణన్ మళ్లీ ప్రయోగాలకు కూర్చున్నారు. ఏర్పాటు చెబితే చాలా సాదాగా ఉంటుంది. సూర్యకాంతిని కటకంతో పోగుచేసి, నీలం-ఊదా గాజు గుండా పంపి, శుద్ధి చేసిన ద్రవం మీద పడేలా చేస్తారు. ద్రవం నుంచి పక్కకు వచ్చే వెలుగును ఇంకొక ఆకుపచ్చ గాజు గుండా చూస్తారు. మొదటి గాజు దాటనిచ్చిన రంగును రెండోది దాటనివ్వదు. లోపల కాంతి రంగు మారకపోతే కంటికి చీకటే కనిపించాలి. చీకటి కనిపించలేదు. వెళ్లిన కాంతిలో లేని రంగు బయటికి వస్తోంది. ఫిబ్రవరి 28న ఆ వెలుగును చిన్న స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తే, అసలు రంగుకూ కొత్త రంగుకూ నడుమ నల్లటి ఎడం స్పష్టంగా ఉంది. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఉద్యోగం మానేసి పదేళ్లయ్యాకే కదా ఆ ఆవిష్కరణ, ఇష్టమైన పని చేశారు కాబట్టే కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఆ ఏడేళ్ల వేటకు పూర్తికాలం కావాలి, శిష్యులు కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రయోగం జరిగిన భవనం ఆయనకు దొరికింది లెక్కల ఉద్యోగి ట్రాము దారిలో. పక్కన నిలబడి పరికరాలు సర్దిన ఆశుబాబు ఆ ఉద్యోగపు సాయంత్రాల్లోనే చేయి కలిపినవాడు, పాతికేళ్లు వెంట ఉన్నాడు. కొద్ది సామానుతో పెద్ద ప్రశ్న అడిగే అలవాటు కూడా ఆ కొద్ది గంటల్లో పట్టుబడిందే. ఇష్టమే ఉద్యోగమైన తర్వాత ఆయన బతుకు నల్లేరు మీద బండి నడకగా సాగిందీ లేదు. 1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా వెళ్లి, పాలనలో తగాదాలతో 1937లో ఆ పదవి వదలాల్సి వచ్చింది. ఫైనాన్సు శాఖలో అలాంటి గాయం ఆయనకు తగల్లేదు. ప్రాణప్రదమైన దాన్నే జీతం కోసం చేస్తున్నప్పుడు దెబ్బ కూడా నేరుగా ప్రాణానికే తగులుతుంది.

లోకసుందరి సంగతి కూడా చెప్పాలి. ఊరు కాని ఊరిలో, భాష తెలియని చోట, తెల్లవారక ముందు వెళ్లి రాత్రి పదికి వచ్చే భర్త కోసం ఇల్లు నడిపిన చిన్న వయసు భార్య ఆమె. వీణ వాయించేవారు. ఆ పదేళ్ల సాయంత్రాలు రామన్‌కు దొరకడానికి ఆమె తన సాయంత్రాలు వదులుకున్నారు. ఇవాళ భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఆఫీసు తర్వాతి సమయం ఎవరిది, ఎంత అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. ఒకరి సాధన ఇంకొకరి వంటగది మీద నిలబడకూడదు.

ఇంత చూశాక నాకు అర్థమైనది ఇది. ఉద్యోగం మనకు ఇష్టమైనది కానక్కర్లేదు. కానీ అది సాయంత్రానికి మనిషిని మిగల్చాలి. రామన్ ఆఫీసు అయిదింటికి ముగిసేది, మళ్లీ మరుసటి రోజు పదింటి దాకా ఆయన్ను పిలిచేది కాదు. ఇప్పటి ఉద్యోగాలకు ఆ హద్దు చెరిగిపోయింది. అమెరికా పగటికి సరిపోయేలా మన రాత్రి మీటింగులు, భోజనం మధ్య ఫోన్లు, ఆదివారం పూట మెసేజీలు. ఇష్టాన్ని చంపుతున్నది ఇష్టం లేని పని కాదు, ఆగని పని. నౌకరీ ఎంచుకునే పిల్లలు జీతంతో పాటు, ఆ పని ఎన్నింటికి ఆగుతుందో కూడా అడగాలి. అడిగే హక్కు వాళ్లకు ఉంది.

రెండోది, తట్టడానికి తలుపు ఉండాలి. మహేంద్రలాల్ సర్కార్ చందాలెత్తి కట్టిన ఆ భవనం లేకపోతే రామన్ ఉత్సాహం స్కాట్స్ లేన్ ఇంట్లో నాలుగేళ్లు రగిలి చల్లారేది. ఆ తలుపు ఒక్కరితో ఆగలేదు. 1928లో హైదరాబాదు నిజాం కాలేజీలో డిగ్రీ ముగించిన తెలుగు యువకుడు సూరి భగవంతం కలకత్తా వెళ్లి అదే 210వ నంబరులో రామన్ దగ్గర చేరారు. తర్వాత విశాఖ వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఫిజిక్స్ పాఠం చెప్పారు, పరిశోధన నడిపారు. రామన్ చిన్నప్పుడు చదువుకున్న ఊరికే ఆ విద్య తిరిగి చేరింది.

మన జిల్లా కేంద్రాల్లో డిగ్రీ కాలేజీల లాబొరేటరీలకు సాయంత్రం కాగానే తాళం పడుతుంది. మైక్రోస్కోపులు, స్పెక్ట్రోమీటర్లు రాత్రంతా, ఆదివారమంతా బీరువాల్లో ఉంటాయి. ఆ ఊళ్లోనే బ్యాంకులో, కరెంటాఫీసులో, మెడికల్ షాపులో ఒకప్పుడు ఫిజిక్స్ మీద ప్రాణం పెట్టినవాళ్లు ఉన్నారు. వారానికి మూడు సాయంత్రాలు, ఆదివారం ఒక పూట ఆ గదులు వాళ్ల కోసం తెరిచి పెట్టమని కాలేజీలను అడుగుతున్నాను. దానికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు. తలుపు తీసి, పరికరం ఎక్కడుందో చూపించి, పక్కన ఉండే ఒక లాబ్ అసిస్టెంటుకు అదనపు గంటల జీతం ఇస్తే చాలు.